బోల్టు తల మీది అంకె
(మన సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ సభలో చదువుల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, పెళ్లిళ్లలో దుబారా ఖర్చుల గురించి మాట్లాడుకుంటున్నాం. అవన్నీ కావలసినవే. ఈసారి మేము ఒక చిన్న ఇనుప ముక్కను గూర్చి మాట్లాడతామని కార్యదర్శి గారికి ముందే మనవి చేసుకున్నాము. ఆయన నవ్వి, "బోల్టు మీద ఉపన్యాసమా మాస్టారూ?" అన్నారు. అవును, బోల్టు మీదే.

ఉర్దూ మీడియం బడిలో లెక్కలు చెప్పుకునే పంతుళ్లకు బోల్టులతో పనేమిటని మీకు అనిపించవచ్చు. మా బడి హాజరు పట్టీ తీసి చూడండి. తండ్రి వృత్తి అనే గడిలో మెకానిక్, డ్రైవర్, వెల్డర్, లేతు మిషను పని, టైర్ల పని అనే మాటలే ఎక్కువ కనిపిస్తాయి. ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం దాకా రోడ్డు పక్క షెడ్లలో మనవాళ్ల చేతులు పడని బండి అరుదు. పది తప్పిన పిల్లవాడు మర్నాడు పోయి చేరేది కూడా ఆ షెడ్డులోనే. అంటే మన సమాజం రోజీ రొట్టెలో పెద్ద భాగం పానా మీద నడుస్తున్నది. పానా పట్టుకున్న చెయ్యి ఏం చేస్తున్నదో ఏడాదికి ఒక్కసారైనా కూర్చుని మాట్లాడుకోవద్దా?

మన రోడ్లు ఎలాంటివో మీకు కొత్తగా చెప్పనక్కరలేదు. మణుగూరు, ఇల్లందు వైపు నుంచి బొగ్గు లారీలు, ఖమ్మం నుంచి గ్రానైటు రాళ్ల లారీలు, సారపాక కాగితం మిల్లుకు పోయే జామాయిలు కట్టెల లోడ్లు, గోదావరి ఇసుక, మార్కెట్ యార్డుకు పోయే మిర్చి బస్తాలు, అన్నీ ఈ దారినే. అటు చర్ల, దుమ్ముగూడెం వైపు జీపులో పదిమంది పట్టేచోట పదహారుమంది. ఇటు చింతూరు దాటి మారేడుమిల్లి ఘాట్ ఎక్కితే ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. 2019 అక్టోబరు 15న భద్రాచలం నుంచి అన్నవరం పోతున్న యాత్రికుల మినీ బస్సు ఆ ఘాట్‌లో వాల్మీకి కొండ దగ్గర లోయలో పడి 8 మంది చనిపోయారు. దానికి బోల్టు కారణమని మేము అనడం లేదు. అలాంటి మలుపులో బండి కింద ఏ ముక్క తప్పినా డ్రైవరు చేతిలో మిగిలేది ఏమీ ఉండదని మాత్రమే చెబుతున్నాము.

ఇక అసలు సంగతికి వద్దాం.

షెడ్డులో బోల్టును పానా సైజుతో పిలుస్తారు. "పంతొమ్మిది బోల్టు ఇయ్యిరా ఛోటూ" అంటారు. పంతొమ్మిది అన్నది తల వెడల్పు. దాన్నిబట్టి బోల్టు లావు తెలుస్తుంది, సుమారుగా 12 మిల్లీమీటర్లు. బలం తెలియదు. ఒకే లావు, ఒకే పొడవు, ఒకే మర ఉన్న రెండు బోల్టుల్లో ఒకటి రెండో దానికంటే నాలుగింతలు బలంగా ఉండవచ్చు. ఆ తేడా చెప్పేది తల మీద పొడిచిన చిన్న అంకె ఒక్కటే.

మా దగ్గర చదువుకుని షెడ్డులో చేరిన ఒక పిల్లవాడికి ఒక బోల్టు చూపించి ఏం రాసి ఉందో చదవమన్నాము. "అఠాసీ" అన్నాడు. అంటే ఎనభై ఎనిమిది. తప్పు వాడిది కాదు. రెండు ఎనిమిదుల మధ్య చుక్క చాలా చిన్నది. కొన్నిటి మీద అసలు పొడవరు కూడా. అది ఎనభై ఎనిమిది కాదు, ఎనిమిది పాయింటు ఎనిమిది. అందులో రెండు సంగతులున్నాయి.

మొదటి అంకెను నూరుతో గుణించండి: 800. చదరపు మిల్లీమీటరు ఉక్కుకు 800 న్యూటన్ల లాగుడు పడితే ఆ బోల్టు తెగుతుంది. మన భాషలో చెప్పాలంటే, జొన్న గింజలో సగం కూడా లేనంత చోటు మీద సుమారు 80 కిలోల బరువు. రెండో అంకె, చుక్క తర్వాతది, ఆ 800లో ఎన్నో వంతు దాకా బోల్టు సాగి మళ్లీ తన పొడవుకు రాగలదో చెబుతుంది. ఇక్కడ పదింట ఎనిమిది వంతులు, అంటే 640. అది దాటితే సాగిన బోల్టు సాగినట్టే ఉండిపోతుంది, పట్టు వదులుతుంది.

ఇదే లెక్కన 4.6 అంటే 400, 240. మన కొట్టులో ఎం.ఎస్. బోల్టు అని అమ్మేది ఇంచుమించు ఇదే. 10.9 అంటే 1000, 900. 12.9 అంటే 1200, 1080. మనవాళ్లు 'హై టెన్షన్ బోల్టు' అనేవి 8.8 నుంచి పైవన్నీ. మన దేశంలో ఐ.ఎస్. 1367 అనే ప్రమాణం ఈ అంకెలనే పాటిస్తుంది. ప్రపంచమంతా కూడా ఇవే అంకెలు. పాత జీపుల్లోని ఇంచీ బోల్టులకు అంకె ఉండదు, గీతలుంటాయి. మూడు గీతలుంటే ఇంచుమించు 8.8తో సమానం, ఆరు గీతలుంటే ఇంచుమించు 10.9తో సమానం. ఏ గీతా లేకపోతే మామూలు ఇనుముగానే లెక్కపెట్టాలి.

పిల్లల కోసం బరువుల్లో చెబుతాము. అదే పంతొమ్మిది పానా బోల్టు, 12 మిల్లీమీటర్ల లావుది, పొడవు చెడకుండా ఎంత లాగుడు ఓర్చుకుంటుంది? 4.6 అయితే సుమారు 1.9 టన్నులు. 8.8 అయితే సుమారు 5 టన్నులు. 10.9 అయితే 7.1 టన్నులు. 12.9 అయితే 8.3 టన్నులు. చూడటానికి నాలుగూ అన్నదమ్ముల్లా ఉంటాయి. 5 టన్నులు మోయవలసిన చోట 1.9 టన్నులది పెట్టి, "గట్టిగ బిగించిన సార్, ఏం గాదు" అంటే, ఆ మాటకు ఆ ఇనుములో ఆధారం లేదు.

ఇక్కడ ఒక మాట గమనించాలి. బోల్టు అంటే గోడకు కొట్టిన మేకులాగా బరువును తన మీద వేలాడదీసుకుంటుందని చాలామంది అనుకుంటారు. కాదు. బోల్టును బిగిస్తే అది రవ్వంత సాగుతుంది. సాగిన రబ్బరులాగా వెనక్కు రావాలని చూస్తూ రెండు ముక్కలనూ నొక్కి పట్టి ఉంచుతుంది. ఆ నొక్కుడు వల్ల ముక్కలు ఒకదాని మీద ఒకటి జారవు. బరువును మోసేది ఎక్కువగా ఆ పట్టే. పట్టు వదిలితే ముక్కలు కదులుతాయి. అప్పుడు గుంటల రోడ్డు మీద ప్రతి కుదుపూ బోల్టును అడ్డంగా కోస్తుంది. నిలువుగా లాగితే ఓర్చుకునే దానిలో సుమారు అరవై శాతమే బోల్టు అడ్డకోతకు ఓర్చుకుంటుంది. పైగా వేలసార్లు అటూ ఇటూ కదిలితే అంతకంటే చాలా తక్కువ బరువుకే పగులు పుడుతుంది. తీగను పదిసార్లు అటూ ఇటూ వంచి తుంచినట్టే.

దీనికి కమాన్ కట్టకంటే మంచి ఉదాహరణ లేదు. కమాన్ పట్టీలను ఇరుసుకు పట్టి ఉంచేవి యూ బోల్టులు. మధ్యలో ఉన్న సెంటర్ బోల్టు పని పట్టీలను వరుసలో ఉంచడం, ఇరుసును సరైన చోట కూర్చోబెట్టడం, అంతే. యూ బోల్టులు వదులైతే బరువంతా పాపం ఆ సెంటర్ బోల్టు మీద పడుతుంది. అది తెగుతుంది. ఇరుసు ఒక పక్క వెనక్కు జరుగుతుంది, బండి అడ్డంగా నడుస్తుంది. డ్రైవరు వచ్చి సెంటర్ బోల్టు తెగింది, మారుస్తావా అంటాడు. మనవాళ్లు దాన్ని మార్చి పంపిస్తారు. నెలకే మళ్లీ తెగుతుంది. అప్పుడు "ఈసారి ఇంకా గట్టి బోల్టు వేద్దాం" అంటారు. జబ్బు సెంటర్ బోల్టుది కాదు, యూ బోల్టు బిగింపుది. అందుకే సెంటర్ బోల్టు తెగి వచ్చిన ప్రతి బండికీ ముందు యూ బోల్టులు చూడండి.

యూ బోల్టుల విషయంలో మరో అలవాటు ఉంది. కంపెనీది దొరకలేదని, లేక ఖరీదని, కడ్డీని కొలిమిలో ఎర్రగా కాల్చి వంచి, మర కోసి బిగిస్తారు. 8.8 పైబడిన బోల్టుకు ఆ బలం ఉక్కులో మాత్రమే లేదు. కాల్చి చల్లార్చి, మళ్లీ కొలిచిన వేడి మీద కాచిన పద్ధతిలో ఉంది. ఫ్యాక్టరీలో ఆ రెండో కాపు సుమారు 425 డిగ్రీలు, ఆ పైన. కొలిమిలో ఎర్రబడేసరికి 700 డిగ్రీలు దాటుతుంది. గ్యాసు మంటతో కాల్చినా అంతే, వెల్డింగు పెట్టినా అంతే. పొయ్యిలోంచి తీసిన తర్వాత దాని తల మీద 10.9 అని అలాగే ఉంటుంది గాని లోపల ఆ బలం ఉండదు. తుప్పు పట్టి రాని నట్టును మంటతో కాల్చి ఊడదీయడం తప్పు కాదు. ఆ బోల్టును మళ్లీ వాడటం తప్పు. ఒకసారి బిగించి సాగిన యూ బోల్టులను కూడా మళ్లీ వాడవద్దు, కొత్తవి వేయండి.

"మరి అన్నిచోట్లా 12.9 వేసేస్తే పోలా మాస్టారూ?" అని ఒక మిస్త్రీ భాయ్ మమ్మల్ని అడిగాడు. మంచి ప్రశ్న. బలం పెరిగిన కొద్దీ ఉక్కుకు సాగే గుణం తగ్గుతుంది. తెగేలోపు 4.6 నూటికి 22 వంతులు సాగుతుంది. 8.8 సాగేది 12 వంతులు. 10.9 సాగేది 9 వంతులు. 12.9 అయితే 8 వంతులే. మెత్తనిది వంగి, సాగి, ముందుగా కబురు చెబుతుంది. గట్టిది చెప్పకుండా పోవచ్చు. పైగా బాగా గట్టి బోల్టుకు మెరుపు కోసం జింకు పూత సరిగ్గా వేయకపోతే, పూత వేసేటప్పుడు హైడ్రోజన్ వాయువు ఉక్కులోకి దూరుతుంది. బిగించిన రోజు బాగానే ఉంటుంది. గంటలకో, రోజులకో, కదలకుండా నిలబెట్టిన బండిలోనే పుటుక్కున తెగుతుంది. నల్లగా ఉండే అలెన్ బోల్టులు ఎక్కువగా 12.9వే. ఎవరైనా వాటికి తళతళా పూత వేయించి తెస్తే అనుమానించండి. స్టెయిన్‌లెస్ బోల్టు తుప్పు పట్టదని కమానుకు వేయకండి. మామూలుగా దొరికే ఏ2-70 రకం బలం 700 మాత్రమే, 8.8 కంటే తక్కువ.

కాబట్టి సూత్రం ఇది: కంపెనీవాడు ఆ చోట ఏ అంకె పెట్టాడో అదే అంకె పెట్టు. తక్కువది ఎన్నడూ వద్దు. ఎక్కువది కంపెనీ పుస్తకం చెబితేనే. నట్టుకు కూడా అంకె ఉంటుంది. 8.8 బోల్టుకు 8 నట్టు, 10.9కు 10 నట్టు. పది రూపాయల మెత్తని నట్టు వేస్తే బోల్టు ఎంత మంచిదైనా నట్టు మర ఒలిచిపోతుంది. తల మీద అంకెతోపాటు తయారుచేసినవాడి గుర్తు కూడా ఉండాలి. అంకె ఉండి గుర్తు లేకపోతే ఆ సరుకు అనుమానమే. అంకెను దొంగతనంగా పొడవడం ప్రపంచంలో కొత్త కాదు. అమెరికాలో నకిలీ గుర్తుల బోల్టులు సైన్యం దాకా పోయేసరికి, 1990లో ఆ దేశం బోల్టుల నాణ్యత కోసమే ఒక చట్టం చేయవలసి వచ్చింది.

ఇక మన కుర్రవాళ్ల విషయం. ఈ మధ్య జీపులకు ఉక్కు గొట్టాల పంజరం బిగించుకోవడం ఒక మోజు అయింది. దాన్ని రోల్ కేజ్ అంటారు. బండి తలకిందులైతే కప్పు నలిగి మనిషి మీద పడకుండా అడ్డుకోవడానికి మోటారు పందేల బళ్లకు వేసేది. పందేల అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్.ఐ.ఏ. దీనికి నియమాలు రాసింది. బోల్టులతో బిగించే ప్రతి పాదానికి కనీసం మూడు బోల్టులు, 8 మిల్లీమీటర్లకు తగ్గని లావు, 8.8కు తగ్గని బలం. వాటి కింద కనీసం 3 మిల్లీమీటర్ల మందం, 120 చదరపు సెంటీమీటర్ల ఉక్కు పలక. ఈ పలక ఎందుకో ఆలోచించండి. పలచటి రేకుకు 12.9 బోల్టు వేసినా, బండి పల్టీ కొడితే బోల్టు తెగదు, రేకే చిరిగి గొట్టం లోపలికి దూసుకొస్తుంది. గొట్టం, పలక, బోల్టు, నట్టు, నాలుగూ సమానంగా ఉంటేనే అది రక్షణ. లేకపోతే ఫోటోలకు అలంకారం. ఇంకొకటి, పందెగాడు హెల్మెట్ పెట్టుకుని, బెల్టు కట్టుకుని కూర్చుంటాడు. మన బండిలో తల మీద టోపీ ఉన్న మనిషి, ఒళ్లో పిల్లవాడితో కూర్చుంటాడు. చిన్న గుద్దుడుకే ఆ గొట్టం తలకు తగులుతుంది. చట్టం సంగతి కూడా వినండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కంపెనీ నిర్మాణాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట స్పష్టంగా చెప్పింది. మీ షెడ్డుకు ఎవరైనా కుర్రవాడు గొట్టాలు పట్టుకొస్తే, "బేటా, వద్దు" అని చెప్పగలగాలి. వాడు ఇచ్చే నాలుగు వేలు మనకు బరకత్ కాదు.

"మాకు ముప్పై ఏళ్ల అనుభవం, కంటితో చూస్తే తెలుస్తది" అనే ఉస్తాదులున్నారు. వారి చేతిపనికి మా సలాం. కాని ఒక సంగతి చెబుతాము. 1990 జూన్ 10న ఇంగ్లండులో బర్మింగ్‌హాం నుంచి బయలుదేరిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానానికి, 17,300 అడుగుల ఎత్తున ముందు అద్దం ఊడిపోయింది. గాలి కెప్టెన్‌ను నడుము దాకా బయటికి లాగేసింది. లోపలివాళ్లు కాళ్లు పట్టుకుని ఆపారు. రెండో పైలట్ విమానాన్ని దింపాడు. అల్లా దయవల్ల అందరూ బతికారు. కారణం ఏమిటంటే, అంతకు ముందే ఆ అద్దం మార్చారు. బిగించిన 90 బోల్టుల్లో 84 ఉండవలసినదానికంటే అర మిల్లీమీటరు పైచిలుకు సన్నవి, మిగిలిన ఆరు పొట్టివి. బిగించినవాడు అనాడి కాదు, అనుభవం ఉన్న పెద్ద మెకానిక్. పాత బోల్టును పక్కన పెట్టి కంటితో పోల్చి తీసుకున్నాడు. నంబరు పుస్తకంలో చూసుకోలేదు. ఎంత మంచి కన్నయినా అర మిల్లీమీటరును పట్టలేదు. ఉక్కు బలాన్ని అసలే పట్టలేదు. అందుకే అంకె.

బిగింపు గూర్చి రెండు మాటలు. పైన చెప్పిన 12 మిల్లీమీటర్ల 8.8 బోల్టును, పొడి మర మీద, సుమారు 9 కిలో-మీటర్ల బలంతో తిప్పితే సుమారు మూడుముప్పావు టన్నుల పట్టు వస్తుంది. అడుగు పొడవు పానాను 30 కిలోల బలంతో లాగినట్టు. ఆ పానాకు మీటరు గొట్టం తొడిగి అదే మనిషి అదే బలంతో లాగితే బిగింపు మూడింతలవుతుంది. బోల్టు అక్కడే సాగి చెడిపోతుంది. పైకి బిగిసినట్టే కనిపిస్తుంది, అసలు ప్రాణం పోయి ఉంటుంది. మరకు నూనె రాస్తే అదే లాగుడుకు ఇంకా ఎక్కువ బిగుసుకుంటుంది. కాబట్టి బిగింపును కొలిచే టార్క్ రెంచి వాడాలి, ఆ బండి పుస్తకంలోని అంకె చూడాలి. చక్రాల నట్లు, యూ బోల్టులు కొత్తగా వేసిన తర్వాత బండి కొంత తిరిగాక మళ్లీ ఒకసారి బిగించి చూడాలి. చక్రం నట్లయితే 50 నుంచి 100 కిలోమీటర్ల లోపే. "మళ్లీ రా భాయ్, డబ్బులు వద్దు" అని చెప్పి పంపండి.

సోదరులారా, అసలు చిక్కు ఎక్కడుందో మాకు తెలుసు. మిస్త్రీ మంచి బోల్టు చెబుతాడు. బండి యజమాని "అంతెందుకు, లోకల్ది వెయ్యి" అంటాడు. కాదంటే ఆ బండి పక్క షెడ్డుకు పోతుంది. సాయంత్రం ఇంట్లో బియ్యం గింజలు లెక్క చూసుకోవలసినవాడికి మేము సులువుగా నీతులు చెప్పలేము. అయినా ఒక మాట చెప్పక తప్పదు. ఆ యజమాని బండిలో కూర్చోడు. కూర్చునేది రోజు కూలికి మిర్చి ఏరబోయే ఆడవాళ్లు, ఆస్పత్రికి పోయే గర్భిణి, బడికి పోయే పిల్లలు. వాళ్లకు బోల్టు అంకె తెలియదు. వాళ్ల ప్రాణం మన చేతిలో అమానత్. తూకంలో తక్కువ ఇచ్చేవారిని హెచ్చరిస్తూ ఖురాన్‌లో ఒక సూరాయే ఉంది, సూరయె ముతఫ్ఫిఫీన్. పది టన్నుల చోట నాలుగు టన్నుల బోల్టు వేయడం కూడా తూకంలో తక్కువ ఇవ్వడమే కదా! ఒంటెను కట్టి ఆ తర్వాత అల్లా మీద భరోసా ఉంచమని మన ప్రవక్త (స) నేర్పారు. తాడు ఎలాంటిదో చూసి కట్టమని అందులోనే ఉన్నది.

అందుకని మన సొసైటీకి మూడు మనవులు.

ఒకటి: బోల్టు అంకెలు, నట్టు అంకెలు, గీతల గుర్తులు తెలుగులోను, ఉర్దూలోను పెద్ద అక్షరాలతో ఒక చార్టుగా అచ్చువేసి మనవాళ్ల ప్రతి షెడ్డులోను అంటించాలి. బొమ్మలు గీయడానికి, ఉర్దూ రాయడానికి మా బడి పిల్లలున్నారు.

రెండు: సొసైటీ తరఫున రెండు టార్క్ రెంచీలు కొని ఉంచాలి. ఖరీదు ఒక్కడికి భారం, పదిమందికి కాదు. కావలసినవారు పుస్తకంలో సంతకం పెట్టి తీసుకుపోయి, పని కాగానే తిరిగి ఇవ్వాలి.

మూడు: షెడ్లలో పనిచేసే పిల్లలకు జుమా రోజు అసర్ తర్వాత ఒక గంట. కొలతలు, దశాంశాలు, బోల్టు తల మీది అంకెలు. జీతం అడగము, చాయ్ ఇస్తే చాలు. దశాంశ బిందువు పుస్తకంలో ఉన్నంతకాలం ఆ పిల్లలకు అది బరువే. బోల్టు మీద చూస్తే అది తమ పని అని తెలుస్తుంది. బడి వదిలిన పిల్లవాడు బడి చదువుకు మళ్లీ దగ్గరయ్యే దారి ఇదే కావచ్చునని మా ఆశ. ఓపెన్ స్కూల్ పరీక్షకు కూర్చోబెట్టే బాధ్యత తర్వాత మాది.

తల్లులకు కూడా ఒక మాట. మీ అబ్బాయి ఇంటికి నూనె చేతులతో వచ్చినప్పుడు "ఈ రోజు ఎంత వచ్చింది?" అని అడుగుతారు. దాంతోపాటు "ఈ రోజు ఏ అంకె బోల్టు వేశావు?" అని కూడా అడగండి. అమ్మ అడుగుతుందని తెలిస్తే వాడు చూసి వేస్తాడు.

మన చేతి మీదుగా పోయిన ప్రతి బండీ క్షేమంగా ఇల్లు చేరాలని దువా చేస్తూ సెలవు తీసుకుంటున్నాము.